పదయ్యాక ఏ దారి? ఇంట్లో, బడిలో మళ్ళీ మళ్ళీ వచ్చే ప్రశ్నలు

నేను ఒంగోలు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్ని. పదో తరగతికి చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఫలితాలు వచ్చిన సాయంత్రం మొదలయ్యే ఫోన్లు జూన్ రెండో వారం దాకా ఆగవు. అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్నలు అవే. ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. నిబంధనలు ఏటా ఎంతో కొంత మారుతుంటాయి కాబట్టి అప్లికేషన్ పెట్టే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్ ఒకసారి చదువుకోండి.

మా వాడికి ఏం ఇష్టమో వాడికే తెలియడం లేదు మేడం. ఎలా తేల్చుకోవాలి?

పదిహేనేళ్ళ పిల్లాడికి తెలియకపోవడంలో వింతేముంది? తినని కూర రుచి ఎవరు మాత్రం చెప్పగలరు?

ఏటా డిసెంబరులో పదో తరగతి పిల్లల చేత ఒక పని చేయిస్తాను. మీరు స్వయంగా మాట్లాడిన మనుషుల్లో పది మంది చేసే పనులు రాయండి, వాళ్ళు పొద్దున పదకొండు గంటలకి ఏం చేస్తుంటారో కూడా రాయండి అంటాను. పది మందిని రాయగలిగేవాళ్ళు తక్కువ. ఐదో ఆరో దాటాక పెన్ను కొరుకుతూ కూర్చుంటారు. మా దగ్గర కాగితాల్లో ఎక్కువగా కనిపించేవి పొగాకు బ్యారన్ పని, చీమకుర్తి క్వారీలో పని, టీచర్, కండక్టర్, ఏఎన్ఎం, కిరాణా కొట్టు. ఒకమ్మాయి ఇలా రాసింది: "మా బాబాయి లైన్‌మన్. పదకొండింటికి స్తంభం మీద ఉంటాడు. గాలివాన వస్తే ఆ రాత్రి ఇంటికి రాడు." ఆ మూడు వాక్యాల్లో ఉద్యోగం మొత్తం ఉంది. అదే కాగితాల కట్టలో పన్నెండు మంది సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అవుతామని రాశారు. ఆ ఉద్యోగంలో ఏం చేస్తారన్న చోట పన్నెండు మందీ రాసింది ఒకటే: "కంప్యూటర్ ముందు కూర్చుంటారు."

మనం పిల్లల ఇష్టం అని పిలిచేది చాలా మటుకు వాళ్ళ కళ్ళబడ్డ పనుల్లోంచి ఏరుకున్నదే. కళ్ళబడినవి ఆరే అయితే ఏరుకునేది ఆ ఆరింట్లోనే. అందుకే గ్రూపు గురించి గొడవపడే ముందు ఆ ఆరుని పదహారు చేయండి. దానికి డబ్బు అక్కర్లేదు. మండల వ్యవసాయాధికారి ఆఫీసు, పశువుల ఆసుపత్రి, రక్తపరీక్షల ల్యాబ్, సర్వేయర్, చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గర పనిచేసే కుర్రాడు, సబ్‌స్టేషన్, కోర్టు వరండా ఇవన్నీ ఊరికి పాతిక కిలోమీటర్ల లోపే ఉంటాయి. వేసవి సెలవుల్లో రోజుకొక చోట గంటసేపు కూర్చోబెట్టి తీసుకురండి. "నీకేం నచ్చింది" అని అడగకండి, "అక్కడ ఏం చూశావు" అని అడగండి. రెండో ప్రశ్నకి ఎక్కడ ఎక్కువసేపు చెప్తాడో గమనిస్తే చాలు.

కార్పొరేట్ కాలేజీ పీఆర్వో తొమ్మిదో తరగతి నుంచే ఫోన్ చేస్తున్నాడు. ఇప్పుడే సీటు రిజర్వ్ చేసుకుంటే ఫీజు తగ్గిస్తాడట. కట్టేయమంటారా?

వద్దు.

ఎందుకో చెప్తాను. రెండేళ్ళ క్రితం ఒకాయన మా స్టాఫ్‌రూమ్‌కి వచ్చి, చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన రసీదు తీసి బల్ల మీద పెట్టారు. జనవరిలోనే పదివేలు కట్టారు, ఎంపీసీకి. ఏప్రిల్‌లో వాళ్ళమ్మాయి బైపీసీ చదువుతానంది. ఆయన నన్ను అడిగింది అమ్మాయికి ఏది మంచిదని కాదు. "ఇప్పుడు మార్చుకుంటే ఈ పదివేలు పోతాయా మేడం?" అని. అప్పటికే ఆ ఇంట్లో రసీదు చెప్పిందే వేదం. కట్టిన పదివేలు పోతాయన్న బాధలో, రెండేళ్ళలో కట్టబోయే రెండు మూడు లక్షల సంగతి ఎవరికీ తట్టలేదు.

పీఆర్వో మీద నాకు కోపం లేదు. ఎంతమందిని చేర్పిస్తే అంత కమిషన్, అది అతని బతుకుతెరువు. కానీ మీ పిల్ల గురించి అతనికి తెలిసింది ఫోన్ నంబరు, ప్రీ ఫైనల్ మార్కులు. అంతే. కాలేజీ వాళ్ళు పేపర్లో వేసే ర్యాంకుల ప్రకటన చూసేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: ఆ ర్యాంకులు వచ్చినవాళ్ళ సెక్షన్‌లో మా పిల్లని కూర్చోబెడతారా, లేక వేరే బ్రాంచిలో వేరే సెక్షన్‌లోనా? సూటిగా జవాబు చెప్పినవాళ్ళని నేనింతవరకు చూడలేదు.

ఎంపీసీ తీసుకుంటే ఏవి మూసుకుపోతాయి? బైపీసీ తీసుకుంటే ఏవి?

ఏవి తెరుచుకుంటాయో అందరూ చెప్తారు గానీ, మూసుకుపోయేవి తెలిస్తే తేల్చుకోవడం తేలిక.

బైపీసీ అంటే మ్యాథ్స్ లేదు కాబట్టి మామూలు దారిలో బీటెక్, బీఆర్క్ ఉండవు. ఎన్డీఏలో (సైన్యంలో అధికారులయ్యేవాళ్ళు చదివే అకాడమీ) ఎయిర్‌ఫోర్స్, నేవీ విభాగాలకీ ఫిజిక్స్, మ్యాథ్స్ కావాలి. ఎంపీసీ అంటే ఎంబీబీఎస్, బీడీఎస్, వెటర్నరీ, బీఎస్సీ అగ్రికల్చర్ దూరమవుతాయి. బీఫార్మసీ రెండు గ్రూపుల వాళ్ళకీ ఉంది. లా, సీఏ, డిగ్రీ, ఆ తర్వాత సివిల్స్, గ్రూప్స్, బ్యాంకు పరీక్షలకి ఏ గ్రూపైనా ఫర్వాలేదు. కలెక్టర్ కావాలంటే ఎంపీసీ చదవాలనే నమ్మకం ఎక్కడ పుట్టిందో నాకిప్పటికీ అర్థం కాదు. యూపీఎస్సీకి ఏదో ఒక డిగ్రీ ఉండి, 21 ఏళ్ళు నిండితే చాలు.

ఎంపీసీ చదివి తర్వాత మనసు మారితే పూర్తిగా దారి మూసుకుపోయినట్టు కాదు. ఇంటర్ పాసయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా రాసినా నీట్‌కి అర్హత ఉంటుందని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో ప్రకటించింది. అలాగని దాన్ని మొదటి ప్లాన్‌గా పెట్టుకోకండి. ఇంటర్ రెండేళ్ళు చదివినవాళ్ళతో పోటీ పడుతూ బయాలజీ మొదటి నుంచి మొదలుపెట్టాలి మరి.

సీఈసీ, ఎంఈసీ, హెచ్ఈసీల పేరెత్తగానే "మార్కులు రానివాళ్ళ గ్రూపులు కదా" అంటారు. సీఏ ఫౌండేషన్ రాసే పిల్లలకి ఎంఈసీ సిలబస్ ఎంత పనికొస్తుందో ఆ కోర్సు చదివినవాళ్ళని అడగండి. హైదరాబాద్‌లో నల్సార్, విశాఖలో దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ మన గుమ్మంలోనే ఉన్నాయి. వాటిలో సీటు కోసం రాసే పరీక్ష క్లాట్. మా మండలం నుంచి అది రాసిన పిల్లల్ని నేనింకా చూడలేదు. వాళ్ళు ఫెయిలయ్యారని కాదు, ఆ పరీక్ష ఒకటుందని వాళ్ళకి చెప్పినవాళ్ళు లేరు.

లెక్కల్లో తొంభై ఎనిమిది వచ్చాయి. అయితే ఎంపీసీనే కదా?

లెక్కల టీచర్ని అడుగుతున్నారు కాబట్టి అవునంటానని అనుకుంటారు. పదో తరగతి లెక్కల్లో ప్రశ్న ఏ పాఠం నుంచి వస్తుందో ముందే తెలిసిపోతుంది. నేనే ప్రాక్టీసు చేయించి తొంభైలు తెప్పిస్తాను. ఇంటర్లో కాలిక్యులస్ వచ్చాక ఆ బలం చాలదు. మార్కులు పక్కన పెట్టి, కొత్త లెక్క ఇస్తే పిల్లాడు అరగంట దానితో కుస్తీ పడతాడా, ఐదు నిమిషాల్లో గైడు తీస్తాడా చూడండి.

అసలు మన దగ్గర అందరూ ఇంజనీరింగ్ వెంటే ఎందుకు పడతారు?

ఇది గాలికి వచ్చిన పిచ్చి కాదు, దానికో చరిత్ర ఉంది. 1980లలో ఇంజనీరింగ్ సీటు కోసం డొనేషన్ కట్టి కర్ణాటక వెళ్ళినవాళ్ళు ప్రతి ఊళ్ళో ఒకరిద్దరు ఉండేవాళ్ళు. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. అదే సమయంలో, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న వై2కె హడావుడిలో అమెరికాకి ప్రోగ్రామర్లు కావాల్సి వచ్చింది. అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి విమానమెక్కినవాళ్ళ కథలు ఊళ్ళకి చేరాయి. కథలతో పాటు డబ్బూ చేరింది: మేడలు లేచాయి, పొలాలు కొన్నారు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ పెద్ద ఎత్తున వచ్చాక, కూలి పని చేసే ఇంట్లో పిల్ల కూడా బీటెక్ చదవొచ్చని తేలింది. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు ఆరు వందలు దాటాయి.

కాబట్టి ఊరు చూసిందీ నమ్మిందీ అబద్ధం కాదు. నిజంగానే బీటెక్ వేలాది కుటుంబాల్ని ఒడ్డున పడేసింది. ఆ కాలంలో ఆ దారి ఎంచుకున్నవాళ్ళు తెలివైనవాళ్ళే. చిక్కల్లా ఎక్కడంటే, పాతికేళ్ళ కిందటి మేడని చూపించి ఈ ఏడాది పిల్లాడికి సలహా ఇస్తున్నాం. ఫీజు ప్రభుత్వం కడుతుందంటే కోర్సు ఉచితమని అర్థం కాదు. నాలుగేళ్ళ వయసు అందులో పోతుంది.

నీట్‌కి లాంగ్ టర్మ్ కోచింగ్ (ఇంటర్ అయ్యాక ఏడాది ఆగి మళ్ళీ రాయడం) ఎన్నిసార్లు పెట్టించొచ్చు?

ముందు లెక్క చూడండి. 2024లో నీట్ రాసినవాళ్ళు 23 లక్షల పైచిలుకు. దేశం మొత్తం మీద ఎంబీబీఎస్ సీట్లు లక్ష దాటాయి, వాటిలో దాదాపు సగమే ప్రభుత్వ కాలేజీలవి. మధ్య తరగతి కుటుంబం అసలు పోటీ పడేది ఆ సగానికే.

నా మటుకు నేను ఒకసారి అంటాను. అదీ మొదటిసారి మార్కులకీ కటాఫ్‌కీ మధ్య దూరం మరీ ఎక్కువ లేకపోతేనే. రెండోసారి కూర్చోబెట్టే ముందు పిల్లల్నే అడగండి, వాళ్ళు చెప్పేదాకా ఆగండి. మూడోసారి పెట్టించే ఇళ్ళలో నేను చూసింది ఏమిటంటే, అప్పటికి డాక్టరు కావాలన్న కోరిక కన్నా "ఇంతదాకా వచ్చి ఇప్పుడు మానేస్తే నలుగురూ ఏమంటారు" అన్న భయమే పెద్దదైపోతుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్‌కి ఆ గొడవ లేదు, వరుసగా రెండేళ్ళలో రెండు ప్రయత్నాలే ఇస్తారు. 2025లో ఐఐటీలన్నిటిలో కలిపి ఉన్న సీట్లు 18,160. జేఈఈ మెయిన్ రాసినవాళ్ళు 14 లక్షలకు పైనే.

మంచి మార్కులొచ్చిన పిల్లాణ్ణి పాలిటెక్నిక్‌లో చేర్పిస్తే చిన్నతనం కాదా?

ఈ ప్రశ్నకి నా దగ్గర సలహా కన్నా తప్పొప్పుకోలు ఉంది.

పదమూడు, పద్నాలుగేళ్ళ కిందట ఒక పిల్లాడు ఉండేవాడు. సాయంత్రం బడి వదలగానే వాళ్ళ మామయ్య మోటార్ వైండింగ్ షాపుకి వెళ్ళేవాడు. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ పీకుతూ చుట్లు లెక్కపెట్టి, నోటుబుక్కులో రాసుకుని, మళ్ళీ అన్నే చుట్లు రాగి తీగ చుట్టేవాడు. చేతుల నిండా వార్నిష్ మరకలతో క్లాసుకి వచ్చేవాడు. లెక్కల్లో తొంభై ఆరు. పాలీసెట్ రాసి ఎలక్ట్రికల్ డిప్లొమా చేస్తానన్నాడు. నేనే వాళ్ళ నాన్నని పిలిపించి, ఇంత తెలివైనవాణ్ణి డిప్లొమాకి పంపుతారా, ఎంపీసీలో చేర్పించండి అని గట్టిగా చెప్పాను. టీచర్ చెప్పింది కదా అని వాళ్ళు సరే అన్నారు. ఇంటర్ అయింది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో ఏదో కాలేజీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్ అయింది, హైదరాబాద్‌లో రెండేళ్ళు కోచింగులూ ఇంటర్వ్యూలూ అయ్యాయి. ఇప్పుడు ఊళ్ళో అదే వైండింగ్ షాపు నడుపుతున్నాడు. నలుగురికి పని ఇస్తున్నాడు, బాగానే ఉన్నాడు. బజార్లో కనబడితే నవ్వుతూ, "ఎనిమిదేళ్ళు చుట్టూ తిరిగి అక్కడికే వచ్చాను మేడం" అంటాడు. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఇప్పుడు తెలిసినవి చెప్తాను. పాలీసెట్‌లో వచ్చేది పదో తరగతి సిలబసే. డిప్లొమా మూడేళ్ళు. ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు, అంటే ఇంటర్ దారిలో వెళ్ళినవాడితో సమానంగా ఆరేళ్ళకే బీటెక్ చేతికొస్తుంది. మధ్యలో చదువు ఆగిపోయినా చేతిలో డిప్లొమా ఉంటుంది, ఇంటర్ ఎంపీసీ సర్టిఫికెట్‌తో ఆ ధీమా ఉండదు. వ్యవసాయ పాలిటెక్నిక్ చేసినవాళ్ళకి అగ్రిసెట్ ద్వారా బీఎస్సీ అగ్రికల్చర్‌కి దారి ఉంది. వెంకటగిరిలో ప్రగడ కోటయ్య పేరు మీద చేనేత సాంకేతిక సంస్థ ఉంది, మగ్గం ఉన్న ఇళ్ళ పిల్లలు కూడా చాలామంది దాని పేరు వినలేదు.

ట్రిపుల్ ఐటీలో సీటు వస్తే వెళ్ళాలా?

ఆర్జీయూకేటీ గురించి అడుగుతున్నారు కదా. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలైంది, తర్వాత శ్రీకాకుళం, ఒంగోలు క్యాంపస్‌లు వచ్చాయి. పదో తరగతి మార్కుల మీదే సీటు, ఆరేళ్ళ కోర్సు, చివర్లో వచ్చేది బీటెక్. ప్రభుత్వ బడి పిల్లలకి అదనపు స్కోరు కలుపుతారు కాబట్టి మా పిల్లలకి ఇదో పెద్ద వరం. ఒక్కటే ఇబ్బంది: పదిహేనేళ్ళప్పుడు ఆరేళ్ళకి సరిపడా నిర్ణయం తీసుకుంటున్నారు. ఇంజనీరింగ్ మీద మనసు లేని పిల్లని సీటు వచ్చింది కదా అని పంపకండి. మనసుంటే మాత్రం రెండో ఆలోచన వద్దు.

అమ్మాయిని హాస్టల్లో వేయడానికి వాళ్ళ నాయనమ్మ ఒప్పుకోవడం లేదు. ఊరికి దగ్గర్లో సీఈసీ ఒక్కటే ఉంది. ఏం చేయాలి?

నాకు వచ్చే ఫోన్లలో అన్నిటికన్నా ఎక్కువసేపు మాట్లాడేది ఈ ప్రశ్న మీదే. అబ్బాయి విషయంలో "ఏ గ్రూపు" అని మొదలుపెడతారు, అమ్మాయి విషయంలో "ఎంత దూరం" అని. అమ్మాయిల గ్రూపుని చాలా ఇళ్ళలో బస్సు టైమే నిర్ణయిస్తుంది. మా పక్క ఊరి నుంచి టౌనుకి పొద్దున ఏడున్నరకి ఒక బస్సు, సాయంత్రం ఐదుంబావుకి తిరుగు బస్సు. ఇంటర్ ప్రాక్టికల్స్ ఐదు దాటితే ఆ బస్సు పోతుంది. తర్వాతది ఏడింటికి. ఆ ఒక్క బస్సు కోసం బైపీసీ మానుకుని, ప్రాక్టికల్స్ లేని గ్రూపు తీసుకున్న అమ్మాయిలు నాకు ముగ్గురు తెలుసు. ముగ్గురిలో ఎవరినడిగినా "నాకు సైన్స్ ఇష్టం లేదు మేడం" అనే చెప్తారు.

దూరం తగ్గితే ఏమవుతుందో బిహార్‌లో తేలింది. 2006లో అక్కడి ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో చేరే అమ్మాయిలకి సైకిళ్ళకి డబ్బులిచ్చింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ లెక్కగడితే హైస్కూలు చదువుల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారు, అదీ బడి మూడు కిలోమీటర్లకు పైన ఉన్న ఊళ్ళలో ఎక్కువగా. సైకిల్ రాగానే ఆ అమ్మాయిల తెలివి పెరిగిందా ఏమన్నానా? మన దగ్గర తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. ఖర్చు సమస్య తీరింది, టైము సమస్య మిగిలే ఉంది. తల్లిదండ్రులు పది మంది కలిసి డిపో మేనేజర్‌కి అర్జీ పెడితే సాయంత్రం ట్రిప్పు అరగంట జరిపిన సందర్భం మా మండలంలోనే ఉంది. ఒకసారి ప్రయత్నించండి.

ఇక నాయనమ్మ సంగతి. ఆమెతో వాదించడం దండగ. చూపించాలి. బెంగాల్ పల్లెల్లో 495 ఊళ్ళు తిరిగి చేసిన ఒక అధ్యయనం 2012లో వచ్చింది, తర్వాత నోబెల్ అందుకున్న ఎస్తేర్ డఫ్లో కూడా అందులో ఉన్నారు. మహిళా రిజర్వేషన్ వల్ల రెండు దఫాలు ఆడవాళ్ళే సర్పంచులుగా ఉన్న ఊళ్ళలో, కొడుకు మీద పెట్టుకునే ఆశకీ కూతురి మీద పెట్టుకునే ఆశకీ మధ్య తేడా తల్లిదండ్రుల్లోనూ తగ్గింది, పిల్లల్లో అయితే 32 శాతం తగ్గింది. ఎవరూ ఉపన్యాసాలు చెప్పలేదు, ఊరి పెద్ద కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చోవడం చూశారు, అంతే. 2014 మే 25న నిజామాబాద్ జిల్లా గురుకులం అమ్మాయి మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళు నిండకుండానే ఎవరెస్ట్ ఎక్కాక, గురుకులంలో వేస్తామని వచ్చి అడిగిన తల్లులు నాకు బాగా గుర్తు. కాబట్టి నాయనమ్మని తీసుకుని ఒక కేజీబీవీకో గురుకులానికో వెళ్ళండి. వంటగది చూపించండి, వార్డెన్‌తో మాట్లాడించండి, గేటు ఎన్నింటికి వేస్తారో ఆమెనే అడగనివ్వండి. మా దగ్గర ఒక నాయనమ్మ మంచినీళ్ళ ట్యాంకు మూత ఎత్తి లోపలికి చూసి మరీ ఒప్పుకుంది.

పెళ్ళి సంబంధం వచ్చిందని ఇంటర్ మాన్పించే ఆలోచన ఉంటే మాత్రం నాకు ఫోన్ చేయకండి. పద్దెనిమిది నిండకుండా చేయడం నేరం, నేను 1098కి ఫోన్ చేస్తాను.

వాడి ఫ్రెండ్స్ అందరూ ఆ కాలేజీలోనే చేరుతున్నారట. వాడూ అక్కడే అంటున్నాడు.

ఆగస్టు వచ్చేసరికి సెక్షన్లు మారుస్తారు. ఫ్రెండ్స్ ఎలాగూ విడిపోతారు.

అమెరికాలో ఉన్న వాళ్ళ పెదనాన్న కొడుకు కంప్యూటర్ సైన్స్ తప్ప ఏదీ వద్దంటున్నాడు. వాడి మాట వినాలా?

వినండి, కానీ అతను ఏ సంవత్సరం వెళ్ళాడో కూడా అడగండి. 2012లో వెళ్ళినవాడి అనుభవం 2012 అనుభవమే. ఇప్పుడు ఎంఎస్ అప్పు, రూపాయి విలువ, వీసాల పరిస్థితి అన్నీ వేరు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ పిటిషన్ల మీద లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు, ఆ వార్త వచ్చిన వారం మా ఊళ్ళో రెండు ఇళ్ళలో పొయ్యి వెలగలేదంటే నమ్మండి. పదో తరగతి పిల్లాడు ఉద్యోగంలోకి వచ్చేది ఆరేడేళ్ళ తర్వాత. అప్పటికి ఏ బ్రాంచికి గిరాకీ ఉంటుందో పెదనాన్న కొడుక్కీ తెలియదు, నాకూ తెలియదు.

దూరపు చుట్టాల మాటకి మన ఇళ్ళలో ఉన్న బరువు దగ్గరి టీచర్ మాటకి లేదని చిన్న అక్కసు కూడా ఉందనుకోండి నాకు.

తెలుగు మీడియంలో చదివాడు. ఇంటర్లో ఇంగ్లిష్ మీడియం తట్టుకోగలడా?

మొదటి మూడు నెలలు కష్టం. క్లాసులో నోరెత్తరు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గు. ఆ మూడు నెలల్లోనే చాలామంది "నేను మొద్దుని" అనే తీర్మానానికి వచ్చేస్తారు, ఆ మాటే తర్వాత వాళ్ళ కోర్సునీ ఉద్యోగాన్నీ నిర్ణయిస్తుంది. అందుకే మే, జూన్‌లలో ఫిజిక్స్, కెమిస్ట్రీ పదాల వరకు తెలుగూ ఇంగ్లిషూ పక్కపక్కన రాయించి బట్టీ కొట్టించినా తప్పు లేదు. నీట్, జేఈఈ మెయిన్ ప్రశ్నపత్రాలు తెలుగులో కూడా ఇస్తారని గుర్తుంచుకోండి.

మేం తెలంగాణ సరిహద్దులో ఉంటాం. ఇంటర్‌కి విజయవాడ పంపితే లోకల్ పోతుందా?

మెడిసిన్ ఆలోచన ఉంటే చాలా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం ఇది. తెలంగాణలో మెడికల్ సీట్లకి లోకల్ కావాలంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు, మొత్తం నాలుగేళ్ళూ అక్కడే చదివి ఉండాలని 2024లో నిబంధన తెచ్చారు. దాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. బదిలీల మీద తిరిగే ప్రభుత్వోద్యోగుల పిల్లల్లాంటి కొందరికి మినహాయింపులు ఉన్నాయి. ఖమ్మం, నల్గొండ వైపు నుంచి విజయవాడ, గుంటూరు హాస్టళ్ళలో చేర్పించడం తరాలుగా అలవాటు కదా, ఆ అలవాటు మీద ఇప్పుడు వెళ్తే సీటుకే ఎసరు. ఆరు నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏడాది స్టడీ సర్టిఫికెట్ తీసి ఒక ఫైల్లో పెట్టుకోండి. కౌన్సెలింగ్ ముందు రోజు పాత బడి చుట్టూ తిరిగే తల్లిదండ్రుల్ని ఏటా చూస్తున్నాను.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కే మొదటి పిల్ల ఇదే. మాకేమీ తెలియదు. మిగతావాళ్ళకి ఉన్నదేంటి, మాకు లేనిదేంటి?

డబ్బు తేడా ఉంటుంది, అది మీకూ తెలుసు. దానికన్నా కనబడని తేడా సమాచారం. ఉద్యోగస్తుల ఇళ్ళలో ఫలానా పరీక్షకి గడువు ఫలానా తేదీ అన్నది భోజనాల దగ్గర మాటల్లోనే తెలిసిపోతుంది. మీకు ఆ తేదీ దాటాక తెలుస్తుంది. కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ సచివాలయంలోనో మీసేవలోనో మార్చిలోనే తీసుకోండి, ఆధార్‌లో పేరు, పది మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో అక్షరం అక్షరం చూడండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండి స్కాలర్‌షిప్ ఆగిపోయిన పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఎనిమిదో తరగతిలో చిన్న పిల్లలుంటే ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయించండి, ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి.

ఇంకో మాట. మీలాంటి ఇళ్ళ పిల్లలు చాలా తక్కువ అడుగుతారు. ఇంటి పరిస్థితి చూసి, అడక్కముందే తమ కోరికని తామే కత్తిరించుకుంటారు. "ఏదైనా ఫర్వాలేదు నాన్నా" అని పిల్ల అంటే, దాన్ని మంచితనం అనుకుని వదిలేయకండి. రెండోసారి అడగండి.

హాస్టల్లో చేరిన దగ్గర్నుంచి మనిషి మారిపోయాడు. ఫోన్లో మాట్లాడడు. టెన్షన్‌గా ఉంది.

ఈ రాత్రికే వెళ్ళండి. ఆదివారం ఔటింగ్ దాకా ఆగొద్దు. నిద్ర, తిండి ఎలా ఉన్నాయో చూడండి, మార్కుల మాట ఎత్తకండి. ఇంటికి వస్తానంటే తీసుకొచ్చేయండి, ఫీజు సంగతి తర్వాత. టెలిమానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోతాననే మాట నోటి వెంట వస్తే బెదిరిస్తున్నాడని అనుకోవద్దు, ఒంటరిగా వదలకుండా దగ్గరుండి డాక్టర్ దగ్గరకి తీసుకెళ్ళండి.

విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ ఒక విద్యార్థిని చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది గానీ అంతకు మించి గానీ పిల్లలున్న సంస్థల్లో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. వీలైనంత వరకు మార్కుల్ని బట్టి సెక్షన్లు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. మీ కాలేజీలో కౌన్సెలర్ ఎవరో పేరు అడగండి. పేరు చెప్పడానికి తడుముకుంటే మీకు కావాల్సిన జవాబు దొరికినట్టే.

చేరాక గ్రూపు నచ్చలేదు. మార్చుకోవచ్చా?

మొదటి సంవత్సరం అడ్మిషన్లు నడుస్తున్నప్పుడైతే చాలా తేలిక, ప్రిన్సిపాల్‌కి కాగితం రాసిస్తే అయిపోతుంది. అందుకే మొదటి నెల రోజులు పిల్లల్ని రోజూ కనిపెట్టుకుని ఉండండి. ఏ నోటుబుక్కు ముందు తెరుస్తున్నారు, దేన్ని చివరికి తోస్తున్నారు చూడండి. గడువు దాటాక మార్చాలంటే చాలా మటుకు ఏడాది పోతుంది. ఏడాది పోతే పోనివ్వండి, పదహారేళ్ళ వయసులో ఒక ఏడాది పెద్ద లెక్క కాదు. కాలేజీ వాళ్ళు టీసీ ఇవ్వకుండా రెండేళ్ళ ఫీజూ కట్టమని పట్టుబడితే జిల్లా ఇంటర్ విద్యాధికారి ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి. నోటి మాటగా అడిగి వస్తే పని జరగదు.